నాలుగో నంబరు సంతకం

వారంలో ఆరు రోజులు నేను జనానికి పళ్ళు కడతాను. ఏడో రోజు ఆ జనమే నా మీద పళ్ళు నూరుతారు.

డెంటల్ ల్యాబులో టెక్నీషియన్ని. మైనం కరిగించడం, అచ్చు పోయడం, కట్టుడు పళ్ళు అరగదీసి నునుపు చేయడం నా ఉద్యోగం. ఆదివారం వస్తే బూడిదరంగు చొక్కా తొడుక్కుని, మెళ్ళో ఈల వేసుకుని బాస్కెట్‌బాల్ రిఫరీగా నిలబడతాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. నా వెనకాల నన్ను మిరపకాయ అంటారు. వెనకాల ఎందుకు, మొహమ్మీదే అనమనండి, నేనేమీ కాదనను.

స్కోరు రాసే బల్ల దగ్గర మా వదిన కూర్చుంటుంది. మా అన్నయ్య భార్య. ఆడపడుచు అర్ధమొగుడని సామెత చెబుతారు గానీ, కోర్టులో అడుగు పెట్టాక మా ఇద్దరిలో అత్తగారు ఆవిడే. "అమ్మాయ్, ఫౌలు ఎవరిదో నంబరు సరిగ్గా చూపించు. వేళ్ళు చూపిస్తున్నావా, దోమల్ని కొడుతున్నావా?" అని అంతమందిలో గద్దిస్తుంది. ఆవిడ రాసిన షీట్‌లో ఇంతవరకు ఒక్క కొట్టివేత లేదు.

బంతి రింగులో పడితే పాయింట్లు, పడకపోతే లేవు, ఇందులో మీరు తేల్చేదేముంది అని మా ఆయన పెళ్ళైన కొత్తలో అడిగాడు. ఓ నాలుగు ఆదివారాలు తీసుకెళ్ళి వదిన పక్కన కూర్చోబెట్టాను. ఒక వారం బంతి వెళ్ళి రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుని దిగనంది. ఇంకో వారం ఒకావిడ చెయ్యి తగిలి బంతి రింగులోకి కిందినుంచి దూరి, పైకి లేచి, మళ్ళీ పైనుంచి కిందికి పడింది. జనం చప్పట్లు కొట్టారు. నేను పాయింట్లు లేవన్నాను. చప్పట్లు కొట్టిన చేతులే చెప్పుల కోసం వెతికాయి. మరో వారం సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మారడం మర్చిపోయాయి, చూడాల్సిన మేమూ మర్చిపోయాం. నాలుగు బాస్కెట్లు పడ్డాక గానీ వదిన కనిపెట్టలేదు. పడిన పాయింట్లు పడినట్టే ఉంచి వైపులు మార్పించాం. రూలు అదే. పోయిన పరువు మాత్రం వెనక్కి రాలేదు. మా ఆయన ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

వీటన్నిటికీ కళ్ళుంటే చాలు. కళ్ళు సరిపోని రూలు ఒకటుంది. తన జట్టు కాపాడుకోవాల్సిన రింగులో తనే బంతి వేసేస్తే ఏం చేయాలి? పొరపాటున వేస్తే ఆ రెండు పాయింట్లు అవతలి జట్టువి. కావాలని వేస్తే అది తప్పు, పాయింట్లు ఎవరికీ రావు. కావాలని ఎవరు వేసుకుంటారంటారా? వేసుకుంటారు. కొన్ని టోర్నమెంట్లలో ఉత్త గెలుపు చాలదు, ఇన్ని పాయింట్ల తేడా ఉండాలంటారు. రెండే పాయింట్లు ముందున్నవాళ్ళు చివరి క్షణంలో సొంత రింగులో వేసేసి, స్కోరు సమం చేసి, అదనపు సమయం సంపాదించి, ఆ తేడా అప్పుడు పెంచుకుందామని చూస్తారు. అలాంటి అతితెలివికి అడ్డుకట్ట ఈ రూలు. బాగానే ఉంది. కానీ చెయ్యి కనబడుతుంది, మనసు కనబడదు. కనబడనిదాన్ని తేల్చమని నన్ను నిలబెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సంస్థల మధ్య మహిళల టోర్నమెంటు ఫైనల్. పసుపు జెర్సీలు సీసాల ఫ్యాక్టరీవి, నీలం జెర్సీలు ఆసుపత్రివి.

ఫ్యాక్టరీ జట్టులో ఎనిమిది మంది. ఎనిమిది మందీ టెంపరరీలే. లైటు పలక ముందు షిఫ్టంతా నిలబడి, బెల్టు మీద వరసగా వచ్చే సీసాల్లో చీలికలున్నవి, బుడగలున్నవి ఏరి పారేసే పని వాళ్ళది. ట్రోఫీ తెస్తే జట్టంతటినీ పర్మనెంట్ చేస్తామని యాజమాన్యం నోటీసు అంటించింది. రిఫరీకి తెలియకూడని సంగతులే రిఫరీ చెవిలో ముందు పడతాయి. ఇదీ పడింది.

వాళ్ళ కెప్టెన్ నాలుగో నంబరు. పాతికేళ్ళుండవు. పొట్టి మనిషి, కానీ ఎగిరితే పొడుగువాళ్ళు కూడా మెడలు ఎత్తాలి. కోచ్ ఆమె సొంత అన్నయ్య. అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ విభాగంలో పర్మనెంటు ఉద్యోగి. ఆట జరిగినంతసేపూ చెల్లెల్ని తిడుతూనే ఉన్నాడు. బాస్కెట్ వేస్తే ఇంత ఆలస్యమా అని, వేయకపోతే చేతులు ఇంట్లో పెట్టొచ్చావా అని. రెండుసార్లు నేనే వెళ్ళి, "కోచ్ గారూ, ఆట నేర్పడం ఇవాళ కాదు, నిన్నటితో అయిపోయింది" అని చెప్పి వచ్చాను.

ఇంక అయిదు సెకన్లు ఉందనగా స్కోరు అరవై ఒకటి, అరవై. ఒక్క పాయింటుతో ఫ్యాక్టరీ ముందుంది. ఆసుపత్రి కెప్టెన్, పన్నెండో నంబరు, పక్కనుంచి బంతి విసిరింది. అది రింగు అంచుకు తగిలి పైకి లేచింది. దాని కోసం నాలుగో నంబరు గాల్లోకి ఎగిరింది. నేను ఆమెకు మూడడుగుల దూరంలో, రింగు కింది గీత దగ్గర ఉన్నాను. ఆమె రెండు చేతులూ బంతిని అందుకోడానికే లేచాయి. అప్పుడే బెంచీ మీంచి కోచ్ గొంతు చించుకున్నాడు.

"పట్టుకోకు! కొట్టు! పైకి కొట్టు!"

పట్టుకుంటే అవతలివాళ్ళు మీదపడి ఫౌల్ చేసి గడియారం ఆపిస్తారని అతని భయం. పైకి కొడితే బంతి గాల్లో ఉండగానే ఆట అయిపోతుందని లెక్క. గాల్లో ఉన్న మనిషి తల అన్నయ్య వైపు సగం తిరిగింది. ఒక చెయ్యి కిందికి దిగింది, రెండోది కొట్టింది. బంతి బోర్డుకు తగిలి, రింగు లోపలికి దిగి, వలలోంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది. అంతలోనే బజర్ మోగింది.

నేను రెండు వేళ్ళు ఎత్తి దించాను. లెక్కలోకి వచ్చింది. అరవై రెండు, అరవై ఒకటి. ఆసుపత్రి గెలిచింది.

నీలం జెర్సీలన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నాలుగో నంబరు రింగు కిందే నిలబడి తన అరచేతిని చూసుకుంటోంది. కోచ్ నా వైపు నడుచుకుంటూ వచ్చాడు. నాకీ నడక కొత్తేమీ కాదు. ఇప్పుడు ఫౌల్ ఇవ్వలేదంటాడు, టైమ్ అయిపోయాక పడిందంటాడు అనుకుని నేను సిద్ధంగా ఉన్నాను.

"మేడం, ఆ బాస్కెట్ లెక్కలోకి రాదు" అన్నాడు.

"ఎందుకు రాదు?"

"కావాలని వేసింది."

"ఎవరు?"

"మా చెల్లి."

పద్దెనిమిదేళ్ళలో ఎన్నో విన్నాను. సొంత ఆటగత్తె ద్రోహి అని కోచే వచ్చి రిఫరీకి చెప్పడం మాత్రం అదే మొదటిసారి. రూలు పుస్తకం ఇతను కూడా చదివాడని నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆమె పొరపాటు చేసి ఉంటే జట్టు ఓడింది. ఆమె ద్రోహం చేసి ఉంటే జట్టు గెలిచింది. ఒక్క సెకను కూడా మిగల్లేదు కాబట్టి మళ్ళీ ఆడాల్సిన పని కూడా లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "గదిలోకి రండి" అని మాత్రం అన్నాను.

అఫీషియల్స్ గది పేరుకే గది. ఒక మూల చుట్టి నిలబెట్టిన కుస్తీ పరుపులు, ఒక మూల బరువు తూచే యంత్రం, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల. వదిన ఆ కాలి కింద అట్టముక్క మడిచిపెట్టి, బల్ల కదలడం లేదని చూసుకున్నాకే షీట్ పరిచింది. చీఫ్ రిఫరీగా నేను సంతకం పెట్టేదాకా ఆ షీట్‌లో తప్పులు దిద్దొచ్చు. పెట్టాక దేవుడు దిగొచ్చినా దిద్దలేడు.

ముందు రెండో రిఫరీని అడిగాను. అతను వారమంతా బస్సు కండక్టరు.

"నేను మధ్య గీత దగ్గరున్నాను మేడం. నాకు వీపులే కనబడ్డాయి."

"రోజూ అరవై మంది వీపుల మధ్య టికెట్ లేనివాణ్ణి పట్టుకుంటావు కదయ్యా."

"అది డ్యూటీ మేడం" అన్నాడు. అని, నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి జారుకున్నాడు.

కోచ్ వచ్చాడు. అతని వెనకాల ఫ్యాక్టరీ వెల్ఫేర్ ఆఫీసరు, ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. వాళ్ళను తోసుకుంటూ ఆసుపత్రి జట్టు కోచ్ అయిన ఫిజియోథెరపిస్టు ఆవిడ చొరబడింది.

"పాపం, ఆ పిల్ల పొరపాటునే వేసిందండీ. బంగారం లాంటి పిల్ల. అలాంటి బుద్ధులు లేవు" అంది కళ్ళు తడి చేసుకుని.

మొదటి క్వార్టర్లో ఇదే బంగారాన్ని మోచేతులతో పొడిచే రాక్షసి అని నాకు ఫిర్యాదు చేసింది ఈవిడే. ఆవిడ జాలి ఖరీదు సరిగ్గా రెండు పాయింట్లు. "మీ జాలి మీ దగ్గరే ఉంచుకుని బయట కూర్చోండి" అన్నాను. నా మొహం చూసి గమ్మున వెళ్ళిపోయింది.

"చెప్పండి" అన్నాను కోచ్‌తో. "మీ చెల్లెలు మీ జట్టునే ఎందుకు ఓడించాలనుకుంది?"

"నా మీద కోపం మేడం. మూడు రోజుల కిందట ఇంట్లో పెద్ద గొడవైంది. ఈ ఫైనల్ పోతే గానీ నీ పొగరు అణగదు అని నా మొహమ్మీదే అంది. మా అమ్మే సాక్షి, కావాలంటే ఫోన్ చేయిస్తాను."

"అన్నాచెల్లెళ్ళు ఇంట్లో అనుకున్న మాటలు సాక్ష్యమా? మా అన్నయ్యని నేనన్న మాటలు ఎవరైనా రాసిపెట్టుంటే నన్ను ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు."

"రాసే పెట్టాను" అంది వదిన, షీట్ మీంచి తల ఎత్తకుండా.

వెల్ఫేర్ ఆఫీసరు నవ్వబోయి ఆగాడు. "మేడం, కొంచెం ప్రాక్టికల్‌గా చూడండి. రూలు ప్రకారమే అడుగుతున్నాం. కావాలని వేస్తే లెక్కలోకి రాదు, అంతే కదా. ఆ అమ్మాయికి ఆటలో శిక్ష కూడా ఏమీ లేదు. ఎవరికీ నష్టం లేదు."

"ఫ్యాక్టరీలో?"

"అంటే, సొంత సంస్థకి వ్యతిరేకంగా ఆడిందని రికార్డుల్లోకి వచ్చాక చిన్న ఎంక్వయిరీ ఉంటుంది. మామూలు తంతు అండీ."

"ఎంక్వయిరీలో ఉన్న టెంపరరీని పర్మనెంట్ చేస్తారా మీరు?"

ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. "అది తర్వాతి సంగతి" అన్నాడు.

తర్వాతి సంగతేమీ కాదు, అదే సంగతి. ఏడుగురికి ఉద్యోగం, ఎనిమిదో ఆమెకి ద్రోహి అన్న పేరుతో గేటు బయట చోటు. కోచ్‌కి కప్పు. కడుపు మండిపోయింది. "ఆ అమ్మాయిని పిలవండి" అన్నాను.

నాలుగో నంబరు వచ్చి పరుపులకు ఆనుకుని నిలబడింది. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతోంది, తుడుచుకోలేదు. నేను నోరు తెరవకముందే అంది.

"కావాలనే వేశానండీ."

"ఎందుకు?"

"అన్నయ్య మీద కోపంతో."

"నా వైపు చూసి చెప్పు."

చూడలేదు. బరువు తూచే యంత్రం వైపు చూస్తూ, "కావాలనే వేశాను" అని మళ్ళీ అదే గొంతుతో అంది. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టుంది. బయట వరండాలో ఎవరు ఎంతసేపు వల్లె వేయించారో ఆమె అన్నయ్య చూసే చూపులోనే తెలిసిపోయింది. అతని పెదాలు కూడా ఆమెతో పాటు కదులుతున్నాయి.

అప్పుడు నేను ఆగలేకపోయాను. రిఫరీని, గొంతు పెంచకూడదు, వేలు చూపించకూడదు, ఎవర్నీ నువ్వు అనకూడదు. మూడూ చేశాను.

"బెంచీ మీంచి పట్టుకోకు, కొట్టు అని అరిచిందెవరు?"

కోచ్ వెల్ఫేర్ ఆఫీసరు వైపు చూశాడు.

"నాకు వినబడింది. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకోడానికే లేచాయి, అదీ చూశాను. నువ్వు అరిచావు, ఆమె తల తిప్పింది, కొట్టింది. కొట్టమన్నది నువ్వు. బయట పడి ఉంటే ఆ తెలివి నీది. లోపల పడింది కాబట్టి కుట్ర ఆమెది. సిగ్గుండాలయ్యా. దొంగే దొంగా దొంగా అని అరవడం విన్నాను గానీ, సొంత చెల్లెల్ని చూపించి అరవడం వినలేదు."

"ఆటలో వంద అరుస్తాం మేడం" అన్నాడతను. మెడ మీద నరాలు లేచాయి. "వినడం వినకపోవడం ఆడేవాళ్ళ ఇష్టం."

"పదేళ్ళ నుంచి వింటూనే ఉన్నాను" అంది నాలుగో నంబరు. అప్పజెప్పే గొంతు కాదది.

నేను కూర్చున్నాను. "నా నిర్ణయం చెబుతున్నాను. పొరపాటున పడింది. లెక్కలోకి వస్తుంది. అరవై రెండు, అరవై ఒకటి."

"అయితే ప్రొటెస్ట్ చేస్తాం" అన్నాడు కోచ్.

చేసుకోవచ్చు. ఆట ముగిసిన పదిహేను నిమిషాల్లోపు ఓడిన జట్టు కెప్టెన్ షీట్‌లో ఒక గడిలో సంతకం పెట్టి, కారణం రాసిస్తే చాలు, అది మర్నాడు కమిటీ ముందుకు వెళుతుంది. రిఫరీ కంటితో చూసి చెప్పినదాని మీద ప్రొటెస్ట్ నిలవదు. కానీ వేసిన మనిషే కావాలని వేశానని రాసిచ్చాక, ఆ కమిటీలో సగం మంది ఫ్యాక్టరీవారి సన్మానాల్లో శాలువాలు కప్పించుకున్నవాళ్ళే అయ్యాక, నిలవదని నేను ఒట్టేసి చెప్పలేను. ఆ జట్టు కెప్టెన్ నాలుగో నంబరే. ఆపే హక్కు నాకు లేదు. ఉంటే ఆపేదాన్ని.

వదిన గడియారం చూసి, "ఏడు నిమిషాలుంది" అంది. పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

నాలుగో నంబరు బల్ల దగ్గరికి వచ్చి షీట్ మీదికి వంగింది. అన్నయ్య వేలు పెట్టి గడి చూపించాడు. ఆమె అది చూడలేదు. పై నుంచి కిందికి అంకెల వరసల్ని వెతుకుతోంది.

"నేను వేసింది ఎక్కడ రాశారండీ?"

వదిన షీట్ ఆమె వైపు తిప్పింది. "ఇదిగో, అరవై రెండు. పక్కన పన్నెండు."

"పన్నెండు వాళ్ళ కెప్టెన్ కదా?"

"అవునమ్మా. ఎవరైనా పొరపాటున సొంత రింగులో వేస్తే, ఆ పాయింట్లు కోర్టులో ఉన్న అవతలి కెప్టెన్ పేర రాయాలి. రూలు."

"మరి నా నంబరు?"

"రాయం. పొరపాటు ఎవరిదో రాయడానికి ఇందులో గడి లేదు."

"సంతకం పెడితే?"

"అప్పుడుంటుంది" అంది వదిన. "నీ చేత్తో నువ్వు రాసుకున్నట్టు."

ఆమె పెన్ను అందుకుంది. మూత తీసింది. తర్వాత, "మా వాళ్ళని ఒక్కమాట అడిగొస్తాను" అంది.

"అడిగేదేముందే, టైమ్ లేదు" అని కోచ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "వాళ్ళ బతుకుల కోసమే కదా చేస్తున్నాం. పెట్టు."

"జరుగు" అన్నాను నేను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "తలుపు దగ్గర్నుంచి జరుగుతావా, ఆమెని అడ్డుకున్నావని కూడా ఇదే షీట్ వెనక రాయనా?" అన్నాను. జరిగాడు. తలుపు నేనే తీశాను.

వరండాలో ఏడుగురూ ఉన్నారు. ఒకామె మోకాలికి మంచు సంచి కట్టుకుని కింద కూర్చుంది. ఒకామె వేళ్ళ టేపు ఊడదీస్తోంది. ఒకామె ఫోన్లో, "ఇంకా తేల్లేదు, తేలాక చెబుతాగా" అని ఎవరినో కసురుకుంటోంది. నాలుగో నంబరును చూడగానే ఆ ఫోన్ కూడా ఆగిపోయింది.

"నేను కావాలనే వేశానని రాసిస్తే మనం గెలిచినట్టు" అంది ఆమె. "మీ అందరికీ పర్మనెంట్ అవుతుంది. నన్ను తీసేస్తారు. కావాలని వేయలేదని మీకు తెలుసు. రాయమంటారా?"

ఎవరూ మాట్లాడలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను. టేపు ఊడదీసే ఆమె ఊడదీస్తూనే ఉంది, వేలికి టేపు అయిపోయినా గోకుతూనే ఉంది. కింద కూర్చున్నామె మంచు సంచి సర్దుకుంది. వాళ్ళలో పెద్దావిడ ఉంది, అందరూ పెద్దక్కా అని పిలుస్తారు, పదకొండేళ్ళుగా టెంపరరీ. ఆవిడ ఇందాక ఆటలో ఈ పిల్ల కింద పడితే పరుగెత్తుకెళ్ళి లేపింది. ఆవిడ నేల చూసింది.

"నీ ఇష్టమమ్మా" అంది చివరికి.

"అవును, నీకెలా అనిపిస్తే అలా చెయ్యి" అంది ఇంకొకామె, వెంటనే, ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

నాలుగో నంబరు ఇంకా నిలబడే ఉంది. మిగతావాళ్ళ వైపు కూడా ఒక్కొక్కరినీ చూసింది, తొందరపెట్టకుండా. నాకు వాళ్ళ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కోచ్ మీద వచ్చిన కోపం దాని ముందు తక్కువే. ఏడుగురు, ఏడు నోళ్ళు, ఒక్క నోటికీ మాట రాలేదు. వెళ్ళి భుజాలు పట్టుకుని కుదిపేద్దామనిపించింది. రిఫరీ అలా చేయకూడదు కాబట్టి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఆమె లోపలికి వచ్చింది. వెల్ఫేర్ ఆఫీసరు కుర్చీ జరిపి చోటిచ్చాడు. కోచ్ మళ్ళీ గడి మీద వేలు పెట్టాడు. "ఇక్కడే."

ఆమె పెన్నుకి మూత పెట్టి వదినకి తిరిగిచ్చింది.

"పెట్టను."

"ఏంటే! ఏడుగురి జీవితాలు!" అన్నాడు కోచ్. "వాళ్ళనే అడిగొచ్చావు కదే! వద్దన్నారా? ఎవరైనా వద్దన్నారా?"

"అనలేదు" అంది. "అందుకే పెట్టను. ఒక్కరు, ఒకే ఒక్కరు వద్దే అని ఉంటే, ఆ ఒక్కరి కోసం పెట్టేసేదాన్ని."

ఆమె తన సంచి భుజానికి తగిలించుకుని, మోకాలి మీది రక్తం జెర్సీ అంచుతో తుడుచుకుని బయటికి నడిచింది. వరండాలో ఆ ఏడుగురూ గోడవైపు సర్దుకుని దారి ఇచ్చారు. ఒకరిద్దరు పిలవబోయినట్టున్నారు, పిలవలేదు. ఆమె వెనక్కి చూడలేదు. గేటు దాకా అదే నడక.

పదిహేను నిమిషాలు నిండాయని వదిన చెప్పింది. నేను సంతకం పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే కింది మూడు కార్బన్ కాపీల్లోనూ కాగితం చిల్లు పడింది.

"ఏడుగురి నోట్లో మట్టి కొట్టారు మేడం" అన్నాడు కోచ్ పోతూ పోతూ.

"ముందు ఇంటికెళ్ళి మీ చెల్లెలి మొహం ఎలా చూస్తావో అది ఆలోచించుకో" అన్నాను. అతను తలుపు ధడాలున వేశాడు. వెల్ఫేర్ ఆఫీసరు దాన్ని మళ్ళీ మెల్లిగా తెరుచుకుని, నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

బస్సులో వదినా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. నేను కూర్చున్న దగ్గర్నుంచి ఆ ఏడుగుర్నీ తిడుతూనే ఉన్నాను. మనుషులేనా, రాళ్ళా, అంతసేపు నిలబడి అడిగితే వద్దు అన్న రెండక్షరాలు రాలేదా, ఆ పెద్దక్కకైనా బుద్ధి ఉండొద్దా అని. ముందు సీట్లో ఎవరో తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

వదిన చాలాసేపు విని, షీట్ ఉన్న సంచిని ఒళ్ళో సర్దుకుని అడిగింది. "అమ్మాయ్, నువ్వైతే అనేదానివా?"

"ఏమని?"

"పదకొండేళ్ళు టెంపరరీగా ఆ లైటు ముందు నిలబడ్డాక, ఆ పిల్ల వచ్చి అడిగితే, వద్దనేదానివా?"

నాకు వదిన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఈవిడకి ఎప్పుడూ ఇంతే, ఎక్కడ తగులుతుందో అక్కడే పెడుతుంది వేలు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్సు ఆగుతోంది, కదులుతోంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు.

"అనేదాన్ని" అన్నాను.

అప్పటికి మూడు స్టాపులు దాటిపోయాయి.